రోలర్ కోస్టర్ పితామహుడు – లామార్కస్ థాంప్సన్

మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు అంటే ఎక్కువగా కవులు, సంస్కర్తలు, స్వాతంత్ర్య సమరయోధులే వస్తారు. ఈసారి నేను ఒక వడ్రంగి గురించి రాస్తున్నాను. ఆయన కావ్యం రాయలేదు, జైలుకి వెళ్లలేదు. జనం కాసేపు కష్టాలు మరిచిపోయి హాయిగా కేకలు వెయ్యడానికి ఒక బండి తయారుచేశాడు. ఆయన పేరు లామార్కస్ ఆడ్నా థాంప్సన్.

థాంప్సన్ 1848లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, జెర్సీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలోనే చెక్కపని చేతికి వచ్చింది. పెద్దయ్యాక ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌లో, అతుకు లేని మేజోళ్లు అల్లే యంత్రంతో వ్యాపారం పెట్టి బాగానే సంపాదించాడు. కానీ ఆరోగ్యం దెబ్బతిని ఆ వ్యాపారం వదులుకోవాల్సి వచ్చింది. ఇంకెవరైనా అయితే ఉన్నదాంతో ఇంటిపట్టున కూర్చునేవారు. ఆయన అసలు కథ మాత్రం అక్కడే మొదలైంది.

పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే చోట 1827 నుంచి ఒక బొగ్గు రైలు ఉండేది. దానికి దిగేటప్పుడు ఇంజన్ అక్కర్లేదు. బొగ్గు బళ్లు కొండ మీంచి దాదాపు 14 కిలోమీటర్లు వాటి బరువుతో అవే దిగేవి. ఖాళీ బళ్లను కంచరగాడిదలు పైకి లాగేవి. తమాషా ఏమిటంటే, దిగేటప్పుడు ఆ గాడిదలు కూడా ఒక బండిలో ఎక్కి దర్జాగా వచ్చేవి! తర్వాత్తర్వాత బొగ్గు పని తగ్గిపోయి, ఆ రైలు సరదాగా తిరిగేవాళ్లకి మిగిలింది. కొండ లేని చోట చెక్కతో కొండ కడితే పోదా అన్న ఆలోచన థాంప్సన్‌కి ఈ రైలు వల్లే వచ్చింది.

చక్రాల బళ్ల మీద వాలులో జారే ఆట ఆయనతోనే పుట్టలేదు. అంతకుముందే రష్యాలో మంచు గుట్టల మీద జారేవారు, పారిస్‌లో 1817 నాటికే చక్రాల బళ్లు వచ్చాయి. దాన్ని మామూలు జనానికి అందుబాటులోకి తేవడం థాంప్సన్ గొప్పతనం. అప్పట్లో పట్నాల్లో సరదా అంటే సారా దుకాణాలు, జూదం. భక్తిపరుడైన ఆయనకి అవి నచ్చేవి కావు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లగలిగే వినోదం ఒకటి ఉండాలి అనుకున్నాడు.

1884 జూన్‌లో న్యూయార్క్ సముద్రతీరం కోనీ ఐలండ్‌లో ఆయన స్విచ్‌బ్యాక్ రైల్వే మొదలైంది. పొడవు 600 అడుగులు, టికెట్ 5 సెంట్లు, వేగం గంటకి సుమారు 10 కిలోమీటర్లు. అంటే మన సైకిలే నయం! మెట్లెక్కి పైకి వెళ్లి, పక్కకి తిరిగి కూర్చుంటే బండి ఎగుడుదిగుడుగా అవతలి కొసకి జారేది. అక్కడ అందరూ దిగాలి. పనివాళ్లు బండిని ఇంకో పట్టా మీదికి తోసి మళ్లీ పైకి చేర్చేవారు. ఇది చదివినప్పుడు నాకు మారియమ్మ తిరునాళ్లలో చేత్తో తిప్పే రాట్నం గుర్తొచ్చింది. మా నాన్న దాన్ని తమిళంలో రాట్టినం అంటారు, మా అమ్మ రంగులరాట్నం అంటుంది. ఇంట్లో పేర్లు రెండున్నా, చెమటోడ్చి తిప్పే మనిషి మాత్రం ఒక్కడే.

జనం విరగబడ్డారు. కొద్ది వారాల్లోనే పెట్టుబడి తిరిగొచ్చింది. 1885 జనవరిలో పేటెంట్ కూడా వచ్చింది. కానీ పోటీ అంతకంటే తొందరగా వచ్చింది. చార్లెస్ ఆల్‌కోక్ అనే ఆయన పట్టాలను గుండ్రంగా కలిపేసి, ఎక్కిన చోటే దిగేలా చేశాడు. ఫిలిప్ హింకిల్ యంత్రంతో బండిని పైకి లాగించి, సీట్లను ముందుకి తిప్పాడు. ఏడాది తిరక్కుండానే థాంప్సన్ బండి పాతబడిపోయింది.

ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. వాళ్లకంటే వేగంగా పోవాలని ఆయన పంతం పట్టలేదు. బండిలో కూర్చున్న మనిషికి ఏం కనిపించాలి అని ఆలోచించాడు. 1887లో అట్లాంటిక్ సిటీలో సీనిక్ రైల్వే కట్టాడు. బండి చీకటి సొరంగంలోకి వెళ్లగానే దీపాలు వెలిగి, రంగుల దృశ్యాలు ప్రత్యక్షమయ్యేవి. జారుడు బండికి చిత్రకారులు, శిల్పులు కూడా అవసరమయ్యారు. 1895లో సొంత కంపెనీ పెట్టి, దేశ విదేశాల్లో ఇలాంటివి కట్టించాడు.

ఆయన దగ్గర పందొమ్మిదేళ్లకే పనిలో చేరిన జాన్ మిల్లర్ తర్వాత ముఖ్య ఇంజనీరు అయ్యాడు. అంటే మన వయసే! పట్టాల కింద కూడా ఒక చక్రం పెట్టి, బండి పైకి లేచిపోకుండా పట్టి ఉంచే పద్ధతికి మిల్లర్ 1919లో పేటెంట్ పొందాడు. ఈనాటి పెద్ద పెద్ద రోలర్ కోస్టర్లకి ఆ చక్రమే ప్రాణం. అదే 1919లో థాంప్సన్ న్యూయార్క్ దగ్గర గ్లెన్ కోవ్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయి వందేళ్లు దాటినా ఆ పద్ధతి బతికే ఉంది. మెల్‌బోర్న్ లూనా పార్కులో 1912 నాటి సీనిక్ రైల్వే ఇప్పటికీ నడుస్తోంది. దానికి కింది చక్రం లేదు కాబట్టి, బండి మధ్యలో ఒక మనిషి నిలబడి బ్రేకు వేస్తూ ఉండాలి. ఇంగ్లండులో మార్గేట్ ఊరి సీనిక్ రైల్వే 1920 నాటిది. 2008లో మంటల్లో కొంత కాలిపోయింది. ఊరివాళ్లు ఊరుకోలేదు. దాన్ని నిలబెట్టాలని పోరాడితే, బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. చెక్క రోలర్ కోస్టర్ అంటేనే అంత. పుచ్చిన పలక తీసి కొత్త పలక వేస్తూ ఉంటేనే అది నిలుస్తుంది. మన పాత ఇళ్ల దూలాలు, గుడి రథాలు కూడా అలాగే కదా నిలిచాయి.

ఆర్ట్స్ చదివి ఏం చేస్తారు అని మనల్ని అడగని చుట్టాలు లేరు. ఈ రోజుల్లో తీమ్ పార్కులో కొత్త రైడ్ కట్టాలంటే ఇంజనీర్లతో పాటు కథ అల్లేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు కూడా కూర్చోవాలి. ఆ దారి వేసినవాళ్లలో థాంప్సన్ ఒకడు. ఈసారి మీరు అలాంటి చోటికి వెళితే, క్యూలో ఫోన్ చూడకుండా గోడల మీది బొమ్మలు, సొరంగంలో దీపాలు గమనించండి. వాటి వెనక మనలాంటి వాళ్ల పని ఎంత ఉందో మీకే తెలుస్తుంది.