విప్పి చూచి నేర్చిన నాయుడుగారు

మంచిర్యాల బజారులో మరమ్మతు దుకాణముల ముందు నిలిచి చూచినవారికి ఒక దృశ్యము పరిచితమే. పలుకని స్పీకరో, పాతబడిన రేడియోయో బల్లమీద విప్పియుండును. పనివాని చేతివంక కన్నులప్పగించి ఒకరిద్దరు బాలురు నిలిచియుందురు. వారిలో నొకడు ఇంటికి పోయి, తండ్రి వాడక విడిచిన సెల్‌ఫోనునో, ఆగిపోయిన గడియారమునో విప్పి కూర్చుండును. పెద్దలు చూచి మందలింతురు. చుట్టును బొగ్గుగనులు, నడుమ రైలుమార్గము గల ఈ గోదావరి తీరపు ఊరికి యంత్రము క్రొత్తది కాదు. అయినను ఇంటిలో యంత్రమును విప్పిన బాలుడు మాత్రము నేటికిని అపరాధియే. అట్టి అపరాధము చేసియే ప్రసిద్ధికెక్కిన ఒక తెలుగువాని జీవితము ఇచట స్మరింపదగినది. ఆయన కోయంబత్తూరు వాస్తవ్యులైన శ్రీ జి. డి. నాయుడుగారు.

తమిళదేశమున తరతరములుగా స్థిరపడియు ఇంట తెలుగును విడువని కుటుంబములలో వారిదియు నొకటి. కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన దొరస్వామి నాయుడు జన్మించిరి. తల్లి చిన్ననాడే గతించెను. బడి చదువుపై ఆ బాలునికి మనసు నిలువలేదు. ఉపాధ్యాయులకు తలనొప్పియై, చివరకు పుస్తకములను విడిచి పొలమునకు చేరెను. అంతటితో ఆ బాలుని చదువు ముగిసినదని ఊరివారు తలచియుందురు. నిజమునకు అది అప్పుడే ఆరంభము కానున్నది.

ఒకనాడు ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలుపై ఆ ఊరికి వచ్చెను. ఎద్దును గాని, గుఱ్ఱమును గాని కట్టకయే పరుగెత్తు ఆ రడ్జ్ బండిని చూచినది మొదలు నాయుడుగారికి నిద్ర కఱవైనది. దానిని కొనవలెను, కొనుటకు ధనము లేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డనపనికి కుదిరి, సుమారు మూడు సంవత్సరములు పైసకు పైస కూర్చి, తుదకు మోటారు సైకిలును సంపాదించిరి. మరియొకడైన ఎక్కి ఊరంతయు తిరిగియుండెడివాడు. నాయుడుగారు దానిని మరమరకు విప్పివేసిరి, తిరిగి కూర్చిరి. గురువు లేడు, గ్రంథము లేదు. ఏ భాగము దేనిని కదలించుచున్నదో, ఏది ఎచట బిగియవలెనో ఆ యంత్రమే వారికి బోధించెను. విప్పుట ఎవరికైనను సాధ్యమే. విప్పినదానిని మరల నడుపగలుగుటయే విద్య. ఆ విద్యయే వారి జీవితమునకు పునాదియైనది.

1920వ సంవత్సరమున ఒక బస్సును కొని, పొల్లాచి నుండి పళనికి తామే నడుపసాగిరి. ఆ యొక్క బండియే కాలక్రమమున యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థయై, దేశమున మిక్కిలి చక్కగ నడచు రవాణాసంస్థలలో నొకటిగా పేరొందెను. ధనము వచ్చినను చేతిలోని పనిముట్టు జాఱలేదు. 1937వ సంవత్సరమున డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారును తయారుచేసిరి. మన దేశమున తయారైన తొలి మోటారుగా దానిని చెప్పుకొందురు.

అయితే నాయుడుగారి మనసు పెద్ద యంత్రములకంటె చేతిలో ఇముడు చిన్న పరికరములయందే ఎక్కువగ రమించెను. బ్యాటరీలతో తిరుగు చిన్న మోటారు నమర్చి, రసాంట్ అను క్షౌరయంత్రమును నిర్మించిరి. మిక్కిలి పలుచని బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓట్ల యంత్రము మున్నగునవి వారి బుద్ధినుండి వెలువడినవే. ఛాయాగ్రహణము వారికి వ్యసనము. 1936వ సంవత్సరమున లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగ చలనచిత్రముగా తీసిరి. ఆ వ్యసనమును గూడ ఊరక విడువక, సినిమా కెమెరాకు దూరమును సరిచేయు పరికరమును కల్పించిరి. కొన్న వస్తువును కొన్నట్లే వాడుట వారి స్వభావము కాదు.

1941వ సంవత్సరమున ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే ఈ దేశమున తయారుచేసి ఈయగలనని వారు ప్రకటించిరి. అట్టి రేడియోలో సాధారణముగా కోరిన కేంద్రపు తరంగమును గ్రహించి మార్చుట కొక వాల్వు, దానిని పెంచుట కొకటి, దానినుండి ధ్వనిని వేరుచేయుట కొకటి, స్పీకరు పలుకునంతగా బలపఱచుట కొకటి, ఇంటి కరెంటును వాల్వులకు తగినట్లు మార్చుట కొకటి ఉండును. పనిని ఇట్లు పంచి చూచినవానికి రేడియో మాయపెట్టె కాదు. ఐదుగురు పనివారు గల చిన్న కర్మాగారము. ధనికుల ఇండ్ల అలంకారమును సామాన్యుని ఇంటికి దింపవలెనన్నదే నాయుడుగారి సంకల్పము.

తాము నేర్చిన మార్గమున ఇతరులకును నేర్పవలెనని తలచి, 1945వ సంవత్సరమున తమ విరాళముతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్‌ను, ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పుటకు కారకులైరి. వాని బాధ్యతను గూడ వహించిరి. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు అదియే మూలము. కాని నాలుగేండ్ల చదువు కాలహరణమనియు, చేతిపనితో కూడినచో రెండేండ్లు చాలుననియు వారి మతము. ప్రభుత్వము సమ్మతింపలేదు. వారు పదవిని విడిచిరి. 1952వ సంవత్సరమున రెండువేల రూపాయలకే లభించునట్లు ఇద్దరు కూర్చుండు చిన్న కారును తయారుచేసిరి. దానికిని అనుమతి లభింపక ఆ ప్రయత్నము అచటనే నిలిచిపోయినది.

ఈ రెండు వృత్తాంతములయందును ఒక విషాదము కలదు. నాయుడుగారు ఏ యంత్రమునైనను విప్పి, లోపమును కనుగొని, సరిచేయగలిగిరి. ప్రభుత్వమను యంత్రము మాత్రము వారి పనిముట్టునకు లొంగలేదు. రెండేండ్ల చదువును గూర్చిన వారి వాదము అందరికిని సరిపడునో లేదో చెప్పజాలము. తమవంటి పట్టుదల ప్రతి విద్యార్థికిని ఉండునని వారు నమ్మిరేమో. అయినను, చేయి నేర్వని విద్య సగము విద్యయే అన్న వారి విశ్వాసమును కాలము త్రోసివేయలేదు.

1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడుగారు కీర్తిశేషులైరి. వారి పేర కోయంబత్తూరున నెలకొన్న ప్రదర్శనశాలలో వారు సేకరించిన, నిర్మించిన వస్తువులను నేటికిని చూడవచ్చును.

మంచిర్యాలలో గడియారమును విప్పిన బాలుడు నాయుడుగారంతవాడు కాకపోవచ్చును. అంతవాడు కావలెనను నిర్బంధమును లేదు. కరెంటు తగిలియున్న వస్తువును ముట్టరాదనియు, ఉబ్బిన బ్యాటరీని పొడువరాదనియు పెద్దలు వానికి తప్పక చెప్పవలెను. అటుపిమ్మట, విప్పిన మరలను వరుసగ పెట్టుకొనుటకు ఒక పళ్లెమును, విప్పినదానిని తిరిగి కూర్చుటకు ఒక సాయంకాలమును వానికి ఈయవలెను. కలంగల్ బాలునికి ఆ రెండింటిని ఇచ్చినవారు లేరు. మూడేండ్లు వడ్డనచేసి వానిని తానే సంపాదించుకొనెను.