ఓటు కోసం పోరాడిన దర్జీ విలియం కఫీ

డిగ్రీ చరిత్రలో చార్టిస్టు ఉద్యమం గురించి మనలో చాలామందిమి చదివాం. ఆరు కోరికలూ బట్టీపట్టి పరీక్షలో రాసి వచ్చాం. ఆ కోరికల కోసం ఎవరు పని పోగొట్టుకున్నారో, ఎవరు జైలుకు వెళ్ళారో మాత్రం మేము ఆనాడు అడగలేదు. ఆ లోటు కొంతైనా తీర్చుకుందామని ఈ వార్షికోత్సవ సంచికలో విలియం కఫీ జీవితాన్ని రాస్తున్నాం.

కఫీ 1788లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో పుట్టి, ఛాతమ్ రేవు పట్టణంలో పెరిగాడు. తండ్రి కరీబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ దీవిలో బానిసగా పుట్టిన నల్లజాతివాడు. తల్లి కెంట్ స్త్రీ. కఫీకి పుట్టుకతోనే వెన్నెముక, కాళ్ళ ఎముకలు వంకర. పెద్దయ్యాక కూడా ఎత్తు ఐదడుగులకు అంగుళం తక్కువే. దర్జీ పని నేర్చుకుని లండన్‌లో స్థిరపడ్డాడు.

1834లో లండన్ దర్జీలు సమ్మె చేశారు. కఫీకి మొదట సంఘం మీద అంత నమ్మకం లేదు. అయినా తోటివారితో పాటు పని మానేశాడు. సమ్మె ఓడిపోయింది, ఏళ్ళ తరబడి చేస్తున్న కొలువు పోయింది. చట్టసభలో తమ మనిషి లేకపోతే కార్మికుడి గోడు వినేవారుండరని ఆయనకు అప్పుడు అర్థమైంది.

1832 చట్టం ప్రకారం పట్టణాల్లో ఏడాదికి కనీసం 10 పౌండ్ల విలువ చేసే ఇల్లో, దుకాణమో ఉన్న మగవాడికే ఓటు. కూలివాడికి లేదు. అందుకే 1838లో కార్మికులు ప్రజల చార్టర్ ప్రకటించారు. వయోజన పురుషులందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, పోటీకి ఆస్తి నియమం రద్దు, సభ్యులకు జీతం, సమాన నియోజకవర్గాలు, ఏటా ఎన్నికలు అనేవి ఆ ఆరు కోరికలు. స్త్రీల ఓటు అందులో లేదు. అది ఆ ఉద్యమంలోని లోపం.

1839లో కఫీ లండన్ దర్జీల చార్టర్ సంఘం స్థాపనలో పాలుపంచుకున్నాడు. 1842లో లండన్ చార్టిస్టులకు అధ్యక్షుడయ్యాడు. పత్రికలు ఆయన రంగును ఎగతాళి చేశాయి. ఆయన మూలంగా భార్య మేరీ ఆన్ చేసుకునే పాచిపని కూడా పోయింది. అయినా కఫీ వెనక్కి తగ్గలేదు.

1848 ఏప్రిల్ 10న లండన్ కెన్నింగ్టన్ మైదానంలో పెద్ద సభ జరిగింది. ఊరేగింపు ఏర్పాట్ల కమిటీకి కఫీయే అధ్యక్షుడు. ప్రభుత్వం థేమ్స్ నది వంతెనల దగ్గర పోలీసులను నిలిపింది, సైన్యాన్ని సిద్ధంగా ఉంచింది. నాయకులు ఊరేగింపు మానుకుని విజ్ఞాపనను గుర్రపు బండ్లలో పార్లమెంటుకు పంపారు. కఫీ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 57 లక్షల సంతకాలున్నాయని చార్టిస్టులు చెబితే, పార్లమెంటు గుమాస్తాలు దాదాపు 19 లక్షల 75 వేలని తేల్చారు. కొన్ని సంతకాలు దొంగవని నవ్వి, మిగిలిన లక్షల మంది మాట కూడా పక్కన పెట్టారు.

ఆ వేసవిలో కొందరు తిరుగుబాటుకు రహస్య కమిటీ పెట్టుకున్నారు. చివరి రోజుల్లో కఫీ అందులో చేరాడు. ఆ దారి సరైనదని మేము అనడం లేదు. అయితే ఆ కమిటీలో పోలీసు గూఢచారులూ ఉన్నారు. వారి సాక్ష్యం మీదే కఫీకి శిక్ష పడింది. తనను తనవంటి శ్రామికుల జ్యూరీ విచారించాలని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. 60 ఏళ్ళ వయసులో యావజ్జీవ ద్వీపాంతరం విధించి టాస్మేనియాకు పంపారు. 1853లో భార్య ఆయన దగ్గరకు చేరింది. 1856లో క్షమాభిక్ష వచ్చినా ఆయన తిరిగి వెళ్ళలేదు. అక్కడే బట్టలు కుడుతూ, యజమానుల పక్షం వహించే కూలి చట్టానికి వ్యతిరేకంగా సభల్లో మాట్లాడాడు. 1870 జూలైలో హోబార్ట్‌లోని పేదల ఆశ్రమంలో 82వ ఏట కన్నుమూశాడు.

ఆయన పోయిన రెండేళ్ళకు, 1872లో, బ్రిటన్‌లో రహస్య బ్యాలెట్ వచ్చింది. సభ్యులకు జీతం 1911లో, వయోజన పురుషులందరికీ ఓటు 1918లో వచ్చాయి. ఆరింటిలో ఏటా ఎన్నికలు తప్ప మిగిలిన ఐదూ చట్టాలయ్యాయి. ఒకనాడు నవ్విన సభే వాటిని ఆమోదించింది.

ఆ బ్రిటిషువారే మన దేశాన్ని ఏలినప్పుడు ఇక్కడా ఓటుకు ఆస్తి, పన్ను, చదువు చూశారు. 1951-52 ఎన్నికల్లో మాత్రం వయోజనులందరూ ఓటర్లే. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. అక్షరం రాని మన తాతలు, అవ్వలు ఆ గుర్తు చూసి ఓటు వేశారు. కఫీ అడిగింది ఇదే కదా!

ఈ ఏడాది పద్దెనిమిది నిండిన తమ్ముళ్ళకు మా మనవి ఒక్కటే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఓటరు జాబితాలో పేరు రాయించుకోండి. ఆ కాగితం నింపేటప్పుడు సూది పట్టిన ఆ చేతిని ఒక్కసారి తలచుకోండి.