పంపు పిడి తీయించిన వైద్యుడు

నీరు కంటికి తేటగా కనిపిస్తే చాలు, మంచిదే అనుకుని తాగేస్తాం. ఆ తేటనీటిలోనే మృత్యువు దాగి ఉండవచ్చునని లోకానికి చూపిన డాక్టర్ జాన్ స్నో గురించి ఈ వారం తెలుసుకుందాం.

ఆయన 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో ఒక కూలివాని ఇంట, తొమ్మిదిమంది సంతానంలో పెద్దవాడుగా జన్మించారు. 14వ ఏట ఒక వైద్యుని వద్ద శిష్యుడుగా చేరారు. యౌవనంలోనే, కలరా సోకిన బొగ్గుగని కార్మికులకు సేవచేశారు. పిమ్మట లండను చేరి, మత్తుమందు ఇవ్వడంలో దిట్ట అనిపించుకున్నారు. 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో క్లోరోఫాం ఇచ్చినది ఆయనే. ఇంత పేరు వచ్చినా పేదల వీధులను మరువలేదు.

మన పెద్దలు గత్తర అని పిలిచిన కలరా, చెడుగాలివల్ల వస్తుందని ఆనాటి వైద్యుల నమ్మకం. గాలివల్ల వస్తే ముందు ఊపిరితిత్తులకు సోకాలి గదా, కడుపుతో మొదలవుతుందేమి అని స్నో ఆలోచించారు. రోగి మలం కలిసిన నీటిద్వారా ఇది వ్యాపిస్తుందని 1849లో ఒక చిన్న పుస్తకం రాశారు. దానిని నమ్మినవారు బహు తక్కువ.

1854 ఆగస్టు చివరలో లండనులోని బ్రాడ్ వీధి ప్రాంతంలో కలరా విరుచుకుపడింది. 600 మందికి పైగా మరణించారు. స్నో ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవారు ఏ నీరు తాగారో విచారించారు. చాలామంది ఆ వీధి పంపు నీరే తాగినట్లు తేలింది. దగ్గరలోనే సొంత బావి ఉన్న అనాథాలయంలో 535 మంది ఉండగా చనిపోయినవారు ఐదుగురే. స్నో అధికారులకు నచ్చజెప్పి సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీయించారు. అప్పటికే రోగం తగ్గుముఖం పట్టిందన్నది నిజమే. అయినా కథ అంతటితో ముగియలేదు.

ఆ ప్రాంతంలో హెన్రీ వైట్‌హెడ్ అనే యువకుడు ఆంగ్లికన్ సంఘపు సహాయ గురువుగా ఉండేవారు. స్నో మాట తప్పని రుజువు చేయాలని ఆయన తన విచారణలోని ఇళ్ళకు పదేపదే వెళ్ళారు. చివరకు స్నో మాటే నిజమని ఒప్పుకున్నారు. జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళను తల్లి ఇంటిముందరి మురుగు గుంటలో పోసిందని ఆయనే కనుగొన్నారు. తవ్వి చూస్తే, ఆ గుంట బావికి మూడడుగులైనా దూరంలో లేదు. ఇటుకలు శిథిలమై మురుగు బావిలోకి ఊరుతోంది. పిడి తీసిన రోజే ఆ బిడ్డ తండ్రికీ కలరా సోకింది. పిడి ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించండి!

స్నో 1858 జూన్ 16న, 45వ ఏట మరణించారు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించి, అక్కడి ఒక చెరువు నీటిలోనూ దానిని కనుగొన్నారు. స్నో మాట నిలిచింది, వినడానికి ఆయన లేరు.

పాఠకులారా! మీ బావికీ మరుగుదొడ్డి గుంటకూ మధ్య ఎంత దూరముంది? బోరింగు చుట్టూ సిమెంటు గట్టు పగిలి మురుగు నిలుస్తోందా? పసిపిల్లల మలినపు గుడ్డలు నీళ్ళ దగ్గరే ఉతుకుతున్నారా? ఈరోజే వెళ్ళి చూడండి. అనుమానముంటే నీరు మరగకాచి తాగండి.