పాట్రిక్ బ్లాకెట్

పాట్రిక్ మేనార్డ్ స్టూవర్ట్ బ్లాకెట్ (1897 నవంబరు 18 - 1974 జూలై 13) సుప్రసిద్ధ బ్రిటిషు భౌతిక శాస్త్రవేత్త. 1948లో భౌతిక శాస్త్రములో నోబెల్ బహుమతి పొందాడు. శిలలలో నిలిచియున్న అయస్కాంతత్వమును కొలిచి, భూభాగములు కదలిన దూరమును, తిరిగిన కోణమును తెలుసుకొను విధానమునకు పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు.

జీవితము

బ్లాకెట్ లండనులో జన్మించాడు. నౌకాదళములో చేరి, 1916లో జట్లండ్ సమరములో పాల్గొన్నాడు. యుద్ధానంతరము కేంబ్రిడ్జిలో చదివి, రూథర్‌ఫర్డ్ వద్ద పరిశోధన చేశాడు. క్లౌడ్ చాంబరును మెరుగుపరచి, దాని సాయముతో పరమాణు కేంద్రకములను, విశ్వకిరణములను పరిశీలించినందుకు నోబెల్ బహుమతి లభించింది. స్వాతంత్ర్యానంతరము నెహ్రూ కోరికపై భారత ప్రభుత్వమునకు రక్షణ, వైజ్ఞానిక విషయములలో సలహాలిచ్చాడు. 1965 నుండి 1970 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షుడు.

శిలల అయస్కాంతత్వము

పెద్ద ద్రవ్యరాశి ఏదైనను తన చుట్టు తాను తిరుగుట వలననే అయస్కాంత క్షేత్రము పుట్టునని 1947లో బ్లాకెట్ ప్రతిపాదించాడు. దీనిని పరీక్షించుటకు మిక్కిలి సున్నితమైన మాగ్నెటోమీటరును నిర్మించి, 15 కిలోలకు పైగా బరువున్న బంగారపు స్తూపమును ఉపయోగించాడు. ఊహించిన క్షేత్రము కనిపించలేదు. తన ప్రతిపాదన నిలువదని 1952లో తానే ప్రకటించాడు. అయితే ఆ పరికరము శిలలలోని అతి బలహీనమైన అయస్కాంతత్వమును కొలుచుటకు ఎంతో ఉపకరించింది.

లావా చల్లారునపుడు అందులోని మాగ్నెటైట్ వంటి ఖనిజములు ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశను గ్రహించి నిలుపుకొంటాయి. ఆ దిశ క్షితిజ తలమునకు ఎంత వాలియున్నదో చూచి పూర్వపు అక్షాంశమును, ఉత్తర దిశ నుండి ఎంత తొలగియున్నదో చూచి శిల తిరిగిన కోణమును లెక్కించవచ్చును. బ్లాకెట్ బృందములోని జాన్ క్లెగ్ తదితరులు 1954లో ఇంగ్లండు భూభాగము సవ్యదిశలో సుమారు 34 డిగ్రీలు తిరిగినదని ఎర్ర ఇసుకరాళ్ళను బట్టి తెలిపారు. 1956లో వారు దక్కను లావా శిలలను పరిశీలించి, భారత భూభాగము దక్షిణార్ధగోళము నుండి ఉత్తరమునకు కదలినదని, అపసవ్యదిశలో తిరిగినదని నిరూపించారు. ఖండచలనమును అధిక సంఖ్యాకులైన భూగర్భ శాస్త్రజ్ఞులు అంగీకరించని కాలమది.

గోదావరి ప్రాంతము

ద్రాక్షారామం పరిసరములలో పైకి కనిపించునది గోదావరి ఒండ్రుమట్టి. ఎగువన రాజమండ్రి వద్ద కాతేరు, ఆవలి ఒడ్డున పంగిడి ప్రాంతములలో నల్లని లావా శిలలు బయల్పడుతాయి. చమురు బావులు త్రవ్వినపుడు డెల్టా అడుగున కూడ ఇట్టి శిలలు లభించాయి. వీటికి రాజోలు పేరు పెట్టారు. రాజమండ్రి శిలలలో క్రింది పొరల అయస్కాంత దిశ నేటి దిశకు విలోమముగాను, పై పొరలది అనులోమముగాను ఉన్నది. ఈ క్రమము, సుమారు 6.5 కోట్ల సంవత్సరముల వయస్సు, రసాయన కూర్పు దక్కను శిలలతో సరిపోలుట వలన ఇవి ఆ కుటుంబమునకు చెందినవేనని తెలిసింది.

పర్వతశ్రేణులలో ఉపయోగము

హిమాలయముల వంటి శ్రేణులలో ఒత్తిడి వలన ఒక శిలాఫలకము మరొకదానిపైకి నెట్టబడునపుడు, అది కొంత తిరుగుటయు కలదు. ఒరిగిన పొరలను గణితముతో మరల సమతలమునకు తెచ్చి, వాటి అయస్కాంత దిశను అదే కాలపు స్థిర భూభాగపు దిశతో పోల్చినచో ఆ భ్రమణము తెలియును. పర్వతశ్రేణుల వంపులు మొదటి నుండి ఉన్నవా, తరువాత ఏర్పడినవా అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఈ విధముగా సమాధానము వెదకుచున్నారు.