అలెగ్జాండరు ఫ్లెమింగు పండితుడు

ఈయన 1881 సం. ఆగష్టు 6వ తేదీని స్కాట్లండులో నొక సేద్యగాని యింట జన్మించెను. ఏడవ యేటనే తండ్రి గతించెను. లండనులో నాలుగేండ్లు ఓడల కచ్చేరిలో గుమాస్తాగా నుండి, పిదప సెంటు మేరీ వైద్యశాలలో వైద్యము నేర్చి, అచటనే పరిశోధకుడయ్యెను.

1928లో ఆయన చీముక్రిములను పెంచిన పళ్లెములో బూజు పడి, దాని చుట్టునున్న క్రిములు నశించెను. ఈ కథ నెల్లరు నెరుగుదురు. తరువాతి పనినే మేము మిక్కిలి మెచ్చుకొందుము. ఈ బూజురసము ఏ క్రిమి నణచును, దేని నణచజాలదు? గాజుపళ్లెములో గడ్డకట్టిన అగరునందు కాలువ కోసి, దానిని బూజురసము కలిపిన అగరుతో నింపి, అడ్డముగా వేర్వేరు క్రిములను గీతలుగా పూసి, వెచ్చగా నుంచెను. చీముక్రిముల గీతయు, న్యుమోనియాక్రిముల గీతయు కాలువకు దూరముననే ఆగిపోయెను. ప్రేగులలోని కోలిక్రిముల గీత అంచువరకు సాగెను. నేటి వైద్యశాలలలో మందు గల కాగితపు బిళ్లలనుంచి, చుట్టు నేర్పడు ఖాళీ వలయమును మిల్లీమీటర్లలో కొలుచుచున్నారు, సూత్రమదియే.

1945లో ఫ్లోరీ, చెయిను పండితులతో గూడ నోబెలు బహుమానము నందినపుడు, మందు చాలకున్న క్రిములు దానికి లొంగని వగునని ఆయన హెచ్చరించెను. 1955 మార్చి 11న మరణించెను. అప్పటికే పలు వైద్యశాలలలో చీముక్రిములు పెక్కు పెన్సిలినుకు లొంగకుండెను.