పంతులుగారి యింట పెండ్లి

పూర్వము ఆంధ్రదేశమున కలవారి యింట పెండ్లి యనిన ఐదు దినముల వేడుక. పందిళ్లు, సన్నాయి మేళములు, పల్లకిలో ఊరేగింపులు, బాణసంచా, భోగము మేళము, సంతర్పణలు, వీనిలో ఏది తక్కువైనను వంశగౌరవమునకు లోపమని పెద్దలు తలచుచుండిరి. ఆ గౌరవమునకై పొలములు తాకట్టు పెట్టి, ఏండ్ల తరబడి వడ్డీ కట్టినవారు కలరు. ఇంత సంబరము నడుమ పీటలపై కూర్చున్న వధువు పలుమారు పసిబిడ్డ. పెండ్లి యననేమో యెరుగని ఆ బిడ్డ, భర్త మరణించినచో జీవితాంతము వైధవ్యము ననుభవింపవలసినదే.

ఈ యన్యాయము నెదిరించిన మహనీయులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగేండ్ల ప్రాయముననే వారికి పితృవియోగము కలిగెను. ఆనాటి ఆచారము ననుసరించి వారికిని బాల్యముననే వివాహమయ్యెను. ఆ యిల్లాలు రాజ్యలక్ష్మమ్మ.

పంతులుగారు ఉపాధ్యాయవృత్తి చేపట్టి, 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిరి. ఆ సంవత్సరముననే ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించి, పెండ్లిండ్లలో భోగము మేళములను, కన్యాశుల్కమును నిర్భయముగా ఖండించిరి. ధనమిచ్చి పసిబాలను పెండ్లాడు వృద్ధుని కథను ‘బ్రహ్మవివాహము’ అను ప్రహసనముగా వ్రాసి, చదువరులను నవ్వించుచునే సిగ్గుపడజేసిరి. ఆ దురాచార మెంత ప్రబలియుండెనో తరువాత తెలిసినది. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణము జిల్లాలో లెక్కలు తీయింపగా, మూడేండ్లలో 1,034 కన్యాశుల్క వివాహములు జరిగినట్లు తేలెను. వానిలో 99 మంది వధువులు ఐదేండ్ల బాలికలు.

వితంతువులు మరల వివాహమాడవచ్చునని 1856లోనే చట్టము వచ్చెను. కాని సంఘమునకు వెరచి ముందడుగు వేయువారు లేకపోయిరి. 1879లో పంతులుగారు ఈ విషయమై బహిరంగముగా ఉపన్యసించిరి. పండితులు వాదమునకు దిగగా, శాస్త్రప్రమాణములతోనే వారికి సమాధానము చెప్పిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున, పంతులుగారి యింట, గోగులపాటి శ్రీరాములునకు, బాలవితంతువైన గౌరమ్మకు వివాహము జరిగెను. తెలుగుదేశమున తొలి వితంతు వివాహముగా అది ప్రసిద్ధి గాంచెను. సాధారణముగా పెండ్లివారి వాకిట బంధుజనము కిటకిటలాడును. ఈ పెండ్లివాకిట రక్షకభటులు కావలి యుండిరి. వంటవారు రామనిరి, నీరు మోయువారును మానుకొనిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి బిందెలతో నీరు తెచ్చి, అతిథులకు వండి వడ్డించిరి. భర్తను విడిచి రమ్మని బంధువులు ఎంత చెప్పినను ఆమె చలింపలేదు.

అటుపిమ్మట సంఘము పంతులుగారిని వెలివేసెను. ఆప్తులనుకొన్నవారు కొందరు దూరమైరి. కొత్త దంపతులను బంధువులు చేరనీయకపోవుటచే, వారి పోషణభారము సైతము పంతులుగారిపైననే పడెను. సహాయము పొందినవారిలో కొందరు ధనాశాపరులై వారికి మనస్తాపము కలిగించిరి. అయినను పంతులుగారు చేపట్టిన పని విడువలేదు. జీవితకాలమున దాదాపు నలుబది వితంతు వివాహములు జరిపించిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో స్వర్గస్థులైరి. పంతులుగారు 1919 మే 27వ తేదీన మద్రాసులో కన్నుమూసిరి.

ఆ కాలమున ఎందరో ధనవంతులు తమ బిడ్డల పెండ్లిండ్లు అట్టహాసముగా చేసిరి. పందిరి విప్పగనే ఆ వైభవము ముగిసెను. అప్పులు మాత్రము మిగిలెను. పంతులుగారి యింట జరిగిన పెండ్లిలో ఆడంబరము లేదు. దానికై ఆ దంపతులు బంధువులను, సంఘమున తమకున్న స్థానమును కోల్పోయిరి. అందుకు ప్రతిఫలముగా, జీవితము ముగిసినదని లోకము తీర్మానించిన ఒక బాలికకు మరల సంసారము లభించెను. పెండ్లి పందిరిలో వెచ్చించు ధనముకంటె, అందు కూర్చున్న వధూవరుల సుఖమే ముఖ్యమని వారు ఆచరించి చూపిరి.