పాదాలకు దారి చూపిన సెయిచి మియాకె



దసరా సెలవులు ముగిసి హాస్టలుకు తిరిగి వచ్చేటప్పుడు మనలో చాలామందిమి రైల్వే ప్లాట్‌ఫాం మీద ట్రంకుపెట్టెలు దింపుకుని బండి కోసం ఎదురుచూస్తాం. ప్లాట్‌ఫాం అంచుకు కాస్త ఇవతల బొడిపెలున్న పసుపు పలకల వరుస కనబడుతుంది. కాలు జారకుండా వేశారని కొందరం, అందం కోసం వేశారని కొందరం అనుకునేవాళ్లం. ఒకసారి సరిగ్గా ఆ పలకల మీదే పెట్టెలు పెట్టి కబుర్లలో పడ్డాం. తెల్ల కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన ఆ వరుస వెంబడే నడుస్తూ వచ్చి, మా పెట్టె తగిలి తూలారు. పక్కనున్న ప్రయాణికుడు చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది, లేకుంటే పట్టాల మీద పడేవారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజంతా మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పలకలు ఎందుకున్నాయో, వాటిని లోకానికి ఇచ్చినవారు ఎవరో తెలుసుకున్నాం. ఆ మహనీయుని జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందుంచుతున్నాం.

ఆయన పేరు సెయిచి మియాకె. 1926లో జపాన్ దేశంలోని ఒకయామా ప్రాంతంలో జన్మించారు. ఆయన పెద్ద శాస్త్రవేత్త కాదు, ప్రభుత్వ అధికారి అంతకన్నా కాదు. ప్రయాణికులు బస చేసే ఒక చిన్న సత్రం నడుపుకుంటూ, తీరిక వేళల్లో కొత్త వస్తువులు తయారు చేయడం ఆయనకు అలవాటు.

ఒకనాడు ఒకయామాలో తెల్ల కర్రతో రోడ్డు దాటుతున్న ఒక వ్యక్తి మోటారు బండి కింద పడబోయి త్రుటిలో తప్పించుకోవడం మియాకె చూశారని చెబుతారు. ఆయన మిత్రుడు ఇవాహషికి కూడా అప్పటికే చూపు తగ్గిపోతూ ఉంది. రోడ్డు ఎక్కడ మొదలవుతుందో చూపులేని మనిషికి ముందుగా తెలిసేదెలా అన్న ఆలోచన మియాకెను వదల్లేదు.

దారి ఆ మిత్రుడి మాటల్లోనే దొరికింది. నాచు పట్టిన చోటు ఎక్కడ ముగుస్తుందో, ఉత్త మట్టి ఎక్కడ మొదలవుతుందో బూట్లు వేసుకున్నా తన అరికాలికి తెలుస్తుందని ఇవాహషి చెప్పారు. పాదం అంత చిన్న తేడాను పసిగట్టగలిగితే, దానికి అర్థమయ్యే గుర్తును నేలలోనే అమర్చవచ్చు కదా అని మియాకెకు తోచింది. అంధులు వేళ్లతో చదివే బ్రెయిలీ లిపిలో కాగితం మీద చుక్కలు ఉబ్బి ఉంటాయి. అలాగే సిమెంటు పలక మీద బొడిపెలు పోసి, 1965లో ఆ పలకకు రూపం ఇచ్చారు. బ్రెయిలీని జపాన్ భాషలో తెంజి అంటారు. అందుకే ఈ పలకలకు తెంజి బ్లాకులని పేరు వచ్చింది. ఆయన సోదరుడు ఈ పనిలో వెన్నంటి నిలిచారు.

1967 మార్చి 18న ఒకయామా అంధ విద్యార్థుల పాఠశాలకు దగ్గరలో, జాతీయ రహదారి కూడలి వద్ద, ప్రపంచంలోనే మొదటిసారిగా ఈ పలకలు పరిచారు. వాటి సంఖ్య 230. తొలి బాట పడింది చదువుకునే పిల్లల దారిలోనే అని తెలిసి మాకెంతో సంతోషం కలిగింది.

అయితే ఆ తరువాత రోజులు సాఫీగా సాగలేదు. కొనేవారు లేరు. మియాకె సొంత డబ్బు పెట్టి పలకలు చేయించి, ఊళ్లకు ఉచితంగా ఇచ్చారు. రోడ్డు మీద చూపులేనివారు ఎక్కువగా కనబడరు కాబట్టి ఇంత ఖర్చు దేనికని మనకైనా అనిపించవచ్చు. కానీ దారి లేకనే కదా వారు ఇల్లు కదలలేకపోయింది! మియాకె పట్టు విడవలేదు. 1970లో ఒసాకా నగరంలోని ఒక రైల్వే స్టేషనులో ఈ పలకలు వేశారు. ఆ కాలంలోనే టోక్యోలో కూడా వీటిని పరచడం మొదలైంది. 1973లో టోక్యోలో ఈ పలకలు లేని ఒక ప్లాట్‌ఫాం నుండి చూపులేని వ్యక్తి పడిపోయి రైలు కింద మరణించాడు. ఆ ఘటన కోర్టు వరకూ వెళ్లింది. ఆ పలక విలువ ఏమిటో అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది.

మియాకె 1982లో తన 56వ ఏట కన్నుమూశారు. ఆయన పని ఆగలేదు. 2001లో జపాన్ ఈ పలకలకు జాతీయ ప్రమాణం ఏర్పరచింది. 2012లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. వీటిలో రెండు రకాలున్నాయి. గుండ్రటి బొడిపెలుంటే ఆగమని, ముందు అంచో మెట్లో రోడ్డో ఉందని అర్థం. పొడవాటి గీతలుంటే ఆ వైపు నడవమని అర్థం. జపాన్ ప్రమాణం ప్రకారం ఆ ఉబ్బు ఎత్తు 5 మిల్లీమీటర్లు. చూపు కొంత మిగిలి ఉన్నవారికి ఇట్టే కనబడాలని పసుపు రంగు వేస్తారు.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం రైల్వే ప్లాట్‌ఫాం అంచుల్లోనూ జీబ్రా క్రాసింగుల మీదా ఇటువంటి గుర్తులు ఉండాలని చెప్పింది. 2016లో దాని స్థానంలో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో కూడా ఈ పలకలను చూడవచ్చు.

పలక వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. దాని మీద స్కూటరు నిలిపినా, బండి పెట్టి పండ్లు అమ్మినా, మాలాగా ట్రంకుపెట్టె దించినా ఆ బాట అక్కడితో తెగిపోతుంది. గీతల వరుస తిన్నగా కరెంటు స్తంభం దాకా పోతే దారి చూపవలసిందే దెబ్బ తగిలిస్తుంది. మన పూర్వ విద్యార్థులలో మేస్త్రీలున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. అన్నలారా, అక్కలారా! మీ చేతి మీదుగా ఈ పలకలు పరిచే రోజు వస్తే, బొడిపెలు ఎక్కడ, గీతలు ఎక్కడ అని ఒక్కసారి సరిచూడండి. వీలైతే కళ్లు మూసుకుని, పక్కన ఒకరిని తోడు పెట్టుకుని, ఆ బాట మీద నడిచి చూడండి.

ఇక హాస్టలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి ఒక్కటే. ఈసారి స్టేషనులో పెట్టె దించే ముందు కింద నేల చూడండి. పసుపు పలక కనబడితే రెండడుగులు ఇవతలికి జరగండి. సత్రం నడుపుకునే ఒక సామాన్యుడు స్నేహితుడి కష్టం చూసి సొంత డబ్బుతో వేసిన బాట అది. దానికి అడ్డు లేకుండా చూడటమే మనం ఆయనకు చేసే నమస్కారం.